బైకుకి కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ తిరగట్లేదా? ముందు పసుపు వైర్ల కప్లర్ విప్పి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా బండే కళ్ల ముందుకొచ్చింది. కొత్త బ్యాటరీ వేసి రెండు నెలలు కాలేదు, పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మని ఆగిపోతోంది, మెకానిక్ "బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే" అంటున్నాడు, ఈమధ్యే రెండు ఫాగ్ లైట్లు, ఒక ఫోన్ చార్జర్ బిగించారు. ఇదే కదా మీరు రాసింది? దయచేసి ఇంకో బ్యాటరీ ఇప్పుడే కొనకండి. నేను అలాగే కొన్నాను, ఆరు నెలల్లో రెండు.

నాది 220 సీసీ బండి. ఒకరోజు రాత్రి గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక హారన్ గొంతు జీరబోయింది. ఇండికేటర్ వేస్తే దానితోపాటు హెడ్‌లైటు కూడా మిణుకుమిణుకుమంటోంది. కాసేపటికి ఇంజినే ఆగిపోయింది. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే లైటు లేని బండిని మంగళగిరి దాకా తోసుకుంటూ వచ్చాను. ఆ రాత్రి పడ్డ టెన్షన్‌కి మర్నాడే ఒక డిజిటల్ మల్టీమీటర్ కొన్నాను. ఖరీదైనది అక్కర్లేదు, మామూలుది చాలు.

ఇంజిన్ తిరిగినప్పుడు మ్యాగ్నెట్ తిరుగుతుంది, దానివల్ల స్టేటర్ కాయిల్‌లో, అంటే కదలకుండా ఉండే రాగి తీగ చుట్టల్లో, ఏసీ కరెంటు పుడుతుంది. అది మూడు వైర్లలో, చాలా బళ్లలో మూడూ పసుపువే, ఆర్‌ఆర్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్) యూనిట్‌కి వెళ్తుంది. ఆ యూనిట్ దాన్ని డీసీగా మార్చి, 14 వోల్టుల దరిదాపుల్లో కట్టడి చేసి బ్యాటరీకి పంపుతుంది. మోటారు నీళ్లు ఎక్కించకపోతే మిద్దె మీద ట్యాంకు ఎన్నిసార్లు మార్చి ఏం లాభం? మన బ్యాటరీ సంగతీ అంతే.

మొదట బ్యాటరీని బయట చార్జర్ మీద నిండా చార్జ్ చేయించండి. దిగిపోయిన బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా రీడింగులు తప్పుదారి పట్టిస్తాయి. చార్జ్ అయ్యాక కొన్ని గంటలు వదిలేసి, మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి చూడండి. 12.6 నుంచి 12.8 దాకా ఉంటే బాగున్నట్టే. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీలోనే లోపం ఉన్నట్టు.

తర్వాత బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైటు వెలుగుతుండగా బ్యాటరీ టెర్మినల్స్ దగ్గరే వోల్టేజి చూడండి. యాక్సిలరేటర్ ఇచ్చి 4000, 5000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్తే 13.8 నుంచి 14.8 మధ్య రావాలి. నాకు 12.6 దాటలేదు. అంటే బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతోందే తప్ప నిండట్లేదన్నమాట. 15 దాటితే అది వేరే కథ: ఆర్‌ఆర్ యూనిట్ కట్టడి చేయలేకపోతోంది, బ్యాటరీ ఉబ్బుతుంది, బల్బులు మాడిపోతాయి. ఒక్క హెచ్చరిక. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. దాన్ని అస్సలు ఒప్పుకోకండి. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజికి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్), స్పీడోమీటర్ కన్సోల్ పోవచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే మరీ జాగ్రత్త.

చార్జింగ్ తక్కువుందని తేలితే ముందు చూడాల్సింది కప్లర్. స్టేటర్ నుంచి వచ్చే మూడు వైర్లు ఆర్‌ఆర్ యూనిట్‌కి కలిసే చోటు అది. నా బండిలో సైడ్ ప్యానెల్ వెనక ఉంది. చేత్తో లాగితే రాలేదు. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విడదీస్తే, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి బెల్లం పాకంలా గడ్డకట్టింది, పిన్ను నల్లగా మాడిపోయింది, ఆ వైరు పైతొడుగు గోధుమరంగుకి తిరిగి గోరు తగిలితే పెళుసుగా రాలుతోంది. వానకి తడిసో, పిన్ను వదులయ్యో అక్కడ పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే వేడి పుడుతుంది, వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. రెండు బ్యాటరీలు మింగింది ఆ అంగుళం ముక్క. నేను కప్లర్ కత్తిరించేసి, మంచి రాగి కనిపించేదాకా వైర్లు వలిచి, టంకం పెట్టి, హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) వేశాను. స్టార్ట్ చేసి చూస్తే 14.2. ఆ అంకె చూసిన సంతోషం ఇప్పటికీ మర్చిపోలేదు.

కప్లర్ బాగానే ఉంటే దాన్ని విడదీసి స్టేటర్‌ని పరీక్షించండి. ఇంజిన్ ఆపి, మీటర్‌ని ఓమ్స్ (రెసిస్టెన్స్) మీద పెట్టి, వైర్లని రెండేసి చొప్పున మూడు రకాలుగా చూడాలి. మూడూ దాదాపు ఒకేలా, చాలా బళ్లలో ఒక ఓమ్ లోపే ఉంటాయి. మీటర్ వైర్ల రెసిస్టెన్స్ కూడా ఇందులో కలుస్తుంది కాబట్టి ముందు రెండు ప్రోబులు ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకె తీసేయండి. ఏ పసుపు వైరుకీ ఇంజిన్ బాడీతో కనెక్షన్ చూపకూడదు. చూపితే కాయిల్ ఎర్త్ అయినట్టే, అంటే తీగ ఎక్కడో బాడీకి తగులుతోందన్నమాట. తర్వాత ఇంజిన్ నడిపి ఏసీ వోల్టేజి చూడండి, ఆ వైర్లు చేతికి తగలనివ్వకండి. ఎంత రావాలన్నది బండిని బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. మూడు జతలూ సమానంగా ఉండటం ముఖ్యం. ఏడాది తర్వాత నా బండిలో 48, 31, 30 వచ్చాయి. స్టేటర్ ఉండే ఇంజిన్ పక్క కవర్ విప్పితే కాయిల్‌లో కొన్ని చుట్లు బొగ్గులా ఉన్నాయి. ఆటోనగర్‌లో రివైండింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేయించాను. సొంతంగా విప్పేవాళ్లు వేళ్లు జాగ్రత్త, మ్యాగ్నెట్ ఆ కవర్‌ని ఒక్కసారిగా లాగేసుకుంటుంది.

స్టేటర్ బాగుండి, కప్లర్ బాగుండి, చార్జింగ్ రాకపోతే అప్పుడు ఆర్‌ఆర్ యూనిట్‌ని అనుమానించండి. దాన్ని మార్చేముందు ఎర్త్ (బాడీకి కలిపే నెగటివ్ కనెక్షన్) చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కీ యూనిట్ ఎర్త్ వైరుకీ మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ వస్తే ఎర్త్ పాయింట్ విప్పి, గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించండి.

ఇక మీ ఫాగ్ లైట్లు. అవి 55 వాట్ల హాలోజన్ అయితే రెండూ కలిపి 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. మన బళ్లలో చాలా స్టేటర్లు హెడ్‌లైటుతోపాటు అంత భారం మోయలేవు. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండి అయితే హెడ్‌లైటు ఆపే స్విచ్ కూడా ఉండదు. అందుకే 13.8 పైన వస్తోందా లేదా అన్నది ఫాగ్ లైట్లు ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడండి. వేసినప్పుడే పడిపోతుంటే బండిలో లోపం లేదు, లైట్లే ఎక్కువయ్యాయి.

ఫోన్ చార్జర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపారేమో కూడా చూడండి. కీ ఆఫ్ చేసి, నెగటివ్ వైరు విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి టెర్మినల్‌కీ వైరుకీ మధ్య కలపండి. మీటర్ అలా ఉన్నప్పుడు కీ ఆన్ చేయకండి, సెల్ఫ్ నొక్కకండి, ఫ్యూజు పోతుంది. కొన్ని మిల్లీ ఆంపియర్లు మామూలే. పదుల మిల్లీ ఆంపియర్లు చూపిస్తే చార్జర్ పీకి మళ్లీ చూడండి. అంకె పడిపోతే దాని వైరు కీ ఆన్‌లో మాత్రమే కరెంటు వచ్చే లైనుకి మార్పించండి.

ఫాగ్ లైట్లు ఆపినప్పుడు, వేసినప్పుడు వచ్చిన వోల్టేజి, స్టేటర్ మూడు ఏసీ రీడింగులు, కప్లర్ ఫోటో పెట్టండి. చూసి చెప్తాను.