శిలాఫలకంతో మొదలుపెట్టకు

చిరంజీవి మనవరాలికి, అమ్మమ్మ దీవెనలు.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముప్పయ్యేళ్లు నర్సు డ్యూటీ చేసినదాన్ని, చెప్పకుండా ఊరుకోలేను.

శిలాఫలకం ఫొటో తీసుకో, దానితో మాత్రం మొదలుపెట్టకు. అన్నా సారా కుగ్లర్ అమెరికాలో డాక్టరీ చదివి 1883లో గుంటూరు వచ్చారు. అయితే లూథరన్ మిషన్ వాళ్లు ఆవిణ్ణి డాక్టరుగా పంపలేదు. అయినా జబ్బుతో వచ్చినవాళ్లకి మందిస్తూనే ఉన్నారు. 1885లో గానీ ఆ హోదా రాలేదు. 1893లో డిస్పెన్సరీ, 1897లో ఆసుపత్రి వచ్చాయి. మరి ఏది పుట్టినరోజంటావు? నేనైతే 1883 అంటాను. బోర్డు కంటే ముందు రోగి వచ్చింది కదా.

1928లో ఆవిడే ఆసుపత్రి గురించి పుస్తకం రాశారు. చదువు, కానీ మిషన్ వాళ్లే అచ్చేశారని మర్చిపోకు.

ఆపరేషన్ థియేటర్ గురించి అందరూ రాస్తారు. నువ్వు సత్రం గురించి రాయి. తన ఇంట్లోవాళ్లకి చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రోగుల బంధువుల కోసం కట్టించిన సత్రం అది. ఒకరు వండింది ఇంకొకరు ముట్టని రోజులవి. పొయ్యి పెట్టుకునే చోటు లేకపోతే పేషెంటునే తీసుకురారు. నేను చేసిన చోటా అంతే. రౌండ్స్ టైముకి ఓ ముసలామె మంచం కింద నుంచి ఇత్తడి గిన్నె లాగి, బాలింత కూతురికి కాయం ముద్ద పెట్టేది. డాక్టరమ్మ కనపడగానే గిన్నె మళ్లీ కిందికి!

రిజిస్టర్లు ఎక్కడున్నాయో ఈ వారమే అడుగు, ఆలస్యం చేయకు. మా దగ్గర సున్నాలు వేసేటప్పుడు అడ్డొస్తున్నాయని పాత కాన్పుల రిజిస్టర్లన్నీ చిత్తుకాగితాలవాడికి తూకానికి వేసేశారు. ఎన్ని వందల పుట్టుకలో! ఇప్పటికీ కడుపు మండుతుంది. దొరికితే అక్కడే కూర్చుని ఫొటోలు తీసుకో, ఇంటికి తేకు. రోగుల పేర్లు మాత్రం రాయొద్దు. ఎవరి గుట్టు ఎందులో ఉందో!

ఆయమ్మల్ని, దోబీని అడుగు. వాళ్లకి సంవత్సరాలు గుర్తుండవు, "ఉప్పెన ఏడు" అంటారు. అది 1977 అని వెంటనే రాసేసుకోకు. ఇంకో ఇద్దర్ని అడిగి చూసుకో. పెద్ద డాక్టర్లతో చివర్న మాట్లాడితే చాలు, వాళ్లు ఎలాగూ తమ గురించే చెబుతారు.

ఆదివారం రా. మాతో పనిచేసిన ఆయమ్మ ఒకామె పక్క వీధిలోనే ఉంది. చెవుడు, పొద్దున పూటైతే బాగా మాట్లాడుతుంది. వచ్చేటప్పుడు ఓ కట్ట తమలపాకులు పట్టుకురా.

మీ అమ్మమ్మ