కాన్సర్ట్ తర్వాత చెవిలో హోరు ఆగడం లేదు... సినిమాలు, షోలు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. ఒక కర్మాగారంలోని మెషిన్ షాపులో పనిచేస్తున్నాను. సెలవు దొరికితే ఇంట్లో ఉండను. కొత్త సినిమాను విడుదలైన రోజే జగదాంబ జంక్షన్ వైపు వెళ్లి చూస్తాను. బీచ్ రోడ్డులో ఏ మ్యూజిక్ షో జరిగినా స్నేహితులతో కలిసి వెళ్తాను. నెలలో రెండు మూడు రాత్రులు డీజే ఉన్న పబ్‌లో గడుపుతాం. ఎనిమిది రోజుల కిందట ఒక కాన్సర్ట్‌లో స్టేజీకి ఎడమవైపు స్పీకర్ల పక్కనే మూడు గంటలు నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి రెండు చెవులూ దిబ్బడ వేశాయి. కుడి చెవి మర్నాటికి సర్దుకుంది కానీ, ఎడమ చెవిలో సన్నని ఈల లాంటి శబ్దం ఇప్పటికీ ఆగలేదు. హోటల్లో నలుగురం కూర్చుంటే మాట సగమే అర్థమవుతోంది. మా అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె రోజూ చెవిలో పోస్తోంది. ఇది తగ్గుతుందా? ఇవన్నీ మానేయాల్సిందేనా?
- ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు సమాధానం చెబుతాను. ఎందుకంటే ‘ఇవన్నీ మానేయమంటారేమో’ అన్న భయంతోనే మీ వయసువారు చాలామంది డాక్టరు దగ్గరకు రావడం వాయిదా వేస్తుంటారు. సినిమాలు, కాన్సర్ట్‌లు జీవితాంతం మానేయనక్కర్లేదు. అయితే మీరు ఎక్కడ నిలబడుతున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, చెవులకు ఏ రక్షణ పెట్టుకుంటున్నారు అన్నవి మాత్రం తప్పనిసరిగా మారాలి. ఇక హోరు తగ్గుతుందా లేదా అన్నది పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. ఆ పరీక్షకు మీకున్న వ్యవధి కూడా తక్కువే కాబట్టి, ఈ జవాబు చదివిన రోజే ఈఎన్‌టీ నిపుణుణ్ని కలవండి.

ఇంత తొందర ఎందుకో వివరిస్తాను. పెద్ద శబ్దం మధ్య గడిపి వచ్చాక చెవులు దిబ్బడ వేయడం, హోరుమనడం, ఒకటి రెండు రోజుల్లో మామూలైపోవడం తరచూ చూసేదే. మీ కుడి చెవి విషయంలో అదే జరిగింది. ఎడమ చెవి ఎనిమిది రోజులైనా కోలుకోకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. స్పీకర్లకు దగ్గరగా ఉన్న చెవి అదే కాబట్టి శబ్దం దెబ్బ దానికే ఎక్కువ తగిలి ఉండవచ్చు. అలాకాకుండా, ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి పడిపోయే వేరొక సమస్య అదే సమయంలో వచ్చి ఉండే అవకాశాన్ని కూడా కొట్టిపారేయలేం. మూడు రోజుల్లోపే వినికిడి 30 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలమానం) లేదా అంతకు మించి పడిపోయే ఆ స్థితిని మేము అత్యవసరంగా పరిగణిస్తాం. దానికి స్టెరాయిడ్ మందులు ఇస్తాం. అవి మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే మంచి ఫలితం ఆశించగలం, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఈ రెండు సమస్యలూ రోగికి ఒకేలా అనిపిస్తాయి కాబట్టి, తేడా తేల్చాల్సిన పని డాక్టరుది. ఒక్కోసారి గులిమి అడ్డుపడి, మీరు పోసిన నూనెకు అది ఉబ్బి చెవి మూసుకుపోయి ఉండటమూ జరుగుతుంది. అదే అయితే మీరు అదృష్టవంతులు, శుభ్రం చేయించుకుంటే సరిపోతుంది.

డాక్టరు ముందుగా చెవిలోకి లైటు వేసి కర్ణభేరిని చూస్తారు. ట్యూనింగ్ ఫోర్కును నుదుటి మీద పెట్టి శబ్దం ఏ చెవి వైపు వినిపిస్తోందని అడుగుతారు. తర్వాత ఆడియోమెట్రీకి, అంటే వినికిడిని కొలిచే పరీక్షకు పంపుతారు. శబ్దం చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ ద్వారా 250 నుంచి 8000 హెర్ట్జ్ (స్వరం ఎంత సన్ననిదో తెలిపే కొలమానం) వరకు రకరకాల స్వరాలను క్రమంగా తగ్గిస్తూ వినిపించి, ఎక్కడి వరకు వినగలిగారో గ్రాఫు మీద గుర్తిస్తారు. శబ్దం వల్ల దెబ్బతిన్న చెవిలో ఆ గీత ఎక్కువగా 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కిందికి దిగి, 8000 దగ్గర మళ్లీ పైకి లేస్తుంది. మాటలోని స, ష, ట, త, క వంటి హల్లుల స్పష్టత ఆ పై స్థాయి స్వరాల మీదే ఆధారపడుతుంది కాబట్టే, హోటల్ సందడిలో ఎదుటివారు ‘పాట’ అన్నారో ‘పాక’ అన్నారో మీకు తెలియడం లేదు. గొంతు వినిపిస్తుంది, మాట విడిపోదు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

వీలైతే పరీక్షకు ఉదయం, డ్యూటీకి వెళ్లకముందే వెళ్లండి. అంతకుముందు 14 గంటలు చెవులకు పెద్ద శబ్దం తగలకపోతే ఫలితం కచ్చితంగా వస్తుంది. ఆ ప్రశాంతత దొరకలేదని మాత్రం పరీక్షను మరో రోజుకు నెట్టవద్దు. వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో గానీ, మీకు దగ్గర్లోని ఏ ఈఎన్‌టీ నిపుణుడి దగ్గర గానీ చూపించుకోవచ్చు. శబ్దం ఎక్కువగా ఉండే కర్మాగారాల్లో కార్మికులకు వినికిడి పరీక్షలు చేయిస్తుంటారు కాబట్టి, మీ పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష గ్రాఫు) ప్లాంటు ఆరోగ్య కేంద్రంలో ఉండే ఉంటుంది. దాని నకలు తీసుకెళ్లండి. కొత్త నష్టమేదో, ముందు నుంచీ ఉన్నదేదో ఆ కాగితం చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పలేదు.

చెవి లోపల జరిగేదేమిటో తెలిస్తే మీరు జాగ్రత్తలను మొక్కుబడిగా తీసుకోరని నా నమ్మకం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో, ఒక్కో చెవికి సుమారు 15,000 రోమకణాలు, అంటే కొనలో సన్నని వెంట్రుకల్లాంటివి ఉండే కణాలు ఉంటాయి. శబ్ద తరంగాలకు ఇవి వంగుతూ లేస్తూ ఆ కదలికను నాడీ సంకేతంగా మారుస్తాయి. తుపాను గాలికి వాలిపోయిన వరి చేను కాండం విరగకపోతే రెండు రోజుల్లో మళ్లీ నిలబడుతుంది, కాండం విరిగితే ఇక లేవదు. ఈ కణాల సంగతీ అంతే. పైగా పక్షుల్లో ఇవి మళ్లీ పుడతాయి గానీ మనుషుల్లో పుట్టవు. ఇంకో విషయం కూడా ఉంది. వినికిడి పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన నష్టం జరగలేదని అనుకోవడానికి లేదు. కణాలు నిలిచినా వాటిని నాడితో కలిపే సంధులు శాశ్వతంగా తెగిపోవచ్చని జంతువుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. అందుకే ప్రతి షో తర్వాతా చెవులు హోరెత్తి, తెల్లారేసరికి తగ్గిపోతున్నాయని ధీమాగా ఉండే యువకులను చూస్తే నాకు ఆందోళన కలుగుతుంది.

శబ్దం చేసే హాని దాని తీవ్రత మీద, అది తగిలిన సమయం మీద కలిపి ఆధారపడుతుంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని ఒక ప్రమాణం. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 94 దగ్గర ఒక గంట, 100 దగ్గరకు వచ్చేసరికి 15 నిమిషాలే. పెద్ద కాన్సర్ట్‌లలో స్పీకర్లకు చేరువలో 100 నుంచి 110 డెసిబెల్స్ సాధారణం. అంటే ఆ రాత్రి మీ ఎడమ చెవికి ఆ రోజుకు తట్టుకోగల మోతాదు మొదటి కొన్ని పాటలు పూర్తయ్యేసరికే అంది ఉంటుంది, మిగిలిన సమయమంతా అదనపు భారమే. వినోద వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని, ప్రేక్షకులకు ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలని, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్ద ప్రదేశం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణాలు ప్రకటించింది. మన నగరంలో కార్యక్రమాలు నిర్వహించేవారు వీటిని చదవాలని ఒక డాక్టరుగా నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా మన జాగ్రత్త మనమే తీసుకోవాలి.

మీ వినోదాల్లో సినిమాతో పెద్దగా చిక్కు లేదు. పోరాట సన్నివేశాల్లో శబ్దం పెరిగినా, మధ్యలో మాటలు, మెల్లని సంగీతం ఉంటాయి కాబట్టి సగటు తగ్గుతుంది. విడుదల రోజు చెవి పక్కన వేసే ఈలలు, థియేటర్ బయట కాల్చే బాణసంచా, డీజే వాహనం మాత్రం హానికరమే. చెవికి చేరువలో పేలిన టపాసు ఒక్కటే శాశ్వత నష్టం కలిగించగలదు. ఆ హడావుడికి దూరంగా నిలబడి, హాల్లో పక్క గోడల స్పీకర్లకు ఎడంగా, మధ్య వరుసల్లో కూర్చోండి.

పబ్ విషయంలో నాకు ఎక్కువ అభ్యంతరాలున్నాయి. మూసిన గదిలో శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది కాబట్టి, స్పీకర్‌కు దూరం జరిగినా పెద్దగా తగ్గదు. మద్యం తాగినప్పుడు, పెద్ద శబ్దానికి మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత రక్షణ ఇచ్చే సహజ ప్రతిచర్య మందగిస్తుంది. శబ్దం ఎక్కువైందన్న ఇబ్బంది కూడా మనకు తెలియదు. రాత్రి రెండింటికి ఇంటికొచ్చి, పొద్దున ఆరింటికి మొదటి షిఫ్ట్‌లో ఉండాలంటే నిద్ర ఎక్కడుంటుంది? నిద్ర చాలని మర్నాడు చెవి హోరు మరింత బాధపెడుతుందని టినిటస్ (చెవిలో హోరు) రోగులు దాదాపు అందరూ చెబుతారు. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్న స్నేహితుడితో అరిచి మాట్లాడాల్సి వస్తే, ఆ చోట శబ్దం హద్దు దాటిందని గ్రహించండి. గంటకోసారి పది పదిహేను నిమిషాలు బయటకు వచ్చి నిలబడండి.

ఇక కాన్సర్ట్. ఎడమ చెవి పరీక్ష పూర్తయి, చికిత్స ముగిసి, మీ డాక్టరు సరేననే వరకు వెళ్లవద్దు. చేతిలో టికెట్లు ఉంటే స్నేహితులకు ఇచ్చేయండి. ఆ తర్వాత వెళ్లినప్పుడు, మైదానం మధ్యలో సౌండ్ ఇంజినీరు తన మిక్సర్ పెట్టుకున్న చోటుకు దగ్గరగా నిలబడండి. ఆయన తన చెవులతో విని శబ్దాన్ని సరిచేసేది అక్కడి నుంచే కాబట్టి, పాట బాగా వినిపించే చోటు కూడా అదే. తెరిచిన మైదానంలో మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పెద్ద వేదికల మీద వేలాడదీసే స్పీకర్ల వరుసలకు ఆ తగ్గుదల ఇంకా తక్కువ కాబట్టి దూరం ఒక్కదాన్నే నమ్ముకోవడానికి లేదు, ఇయర్‌ప్లగ్ కూడా కావాలి. దూది పెట్టుకుంటే ప్రయోజనం నామమాత్రమే. సంగీతకారులు వాడే ఫిల్టర్ ఉన్న ప్లగ్‌లు అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి, పాట చెడదు. నురుగు ప్లగ్ అయితే వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేవరకు అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోండి. సగం బయటకు వేలాడే ప్లగ్ పెట్టుకోనట్టే. సరిగ్గా పెట్టుకుంటే 100 డెసిబెల్స్ శబ్దం 85కు దిగి, పావుగంట హద్దు గంటల్లోకి మారుతుంది.

మీరు రాయని విషయం ఒకటి అడగక తప్పదు. మెషిన్ షాపులో ఇయర్‌మఫ్ చెవుల మీద ఉంటోందా, మెడ చుట్టూ ఉంటోందా? మన దేశంలో కర్మాగారాలకు 8 గంటల డ్యూటీకి పెట్టిన హద్దు 90 డెసిబెల్స్, పైన చెప్పిన 85 కంటే ఎక్కువే. వారమంతా యంత్రాల మధ్య అలసిన చెవిని సెలవు రాత్రి స్పీకర్ల దగ్గరకు తీసుకెళ్తే, దానికి కోలుకునే వ్యవధే ఉండదు. ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా బస్సులో వస్తూ ట్రాఫిక్ హోరును మించేలా ఇయర్‌ఫోన్ శబ్దం పెంచడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి.

అమ్మగారికి నా మాటగా చెప్పండి, నూనె పోయడం ఈ రోజుతో ఆపేయాలి. ఆమె ప్రేమను నేను అర్థం చేసుకోగలను. కానీ నూనె లోపలి చెవి దాకా చేరదు. వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది, కర్ణభేరికి రంధ్రం ఉంటే చీము పడుతుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో, తడిగా ఉండే చెవిలో ఫంగస్ పెరగడం మేము ఏటా చూస్తూనే ఉంటాం. అగ్గిపుల్ల, ఇయర్‌బడ్, పిన్నీసు కూడా వద్దు.

చికిత్స తర్వాత కూడా ఈల శబ్దం కొంత మిగిలితే కంగారు పడకండి. దాన్ని పూర్తిగా మాయం చేసే మాత్ర లేదు, జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రల మీద డబ్బు పోయవద్దు. రాత్రి గదిని మరీ నిశ్శబ్దంగా ఉంచకుండా ఫ్యాన్ చప్పుడో, మెల్లని వాన శబ్దమో ఉంచుకుంటే హోరు మీద ధ్యాస తగ్గుతుంది. ఇంకా ఉందా లేదా అని మాటిమాటికీ చెవి ఒగ్గి వింటే అది మరింత పెద్దగా తోస్తుంది. చాలామందిలో కొన్ని నెలలకు మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నిద్ర, పని దెబ్బతినేంతగా బాధిస్తే కౌన్సెలింగ్ చికిత్సలున్నాయి, వినికిడి తగ్గి ఉంటే వినికిడి యంత్రం హోరునూ తగ్గించవచ్చు. అది ఒక్క చెవిలోనే నెలల తరబడి కొనసాగితే, వినికిడి నాడి మీద గడ్డ లేదని నిర్ధారించుకోవడానికి ఎంఆర్‌ఐ చేయించమంటారు. అలాంటి గడ్డలు అరుదు, చాలావరకు క్యాన్సర్ కానివే. డాక్టరు ఆ పరీక్ష చేయించమన్నారని బెంబేలు పడవద్దు.

డాక్టరును కలిసేలోగా ఎడమ చెవి ఒక్కసారిగా పూర్తిగా వినిపించకుండా పోయినా, గిర్రున కళ్లు తిరిగి వాంతులైనా, ముఖం ఒక పక్కకు వంకర పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. అర్ధరాత్రి అయినా సరే, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని, మీరు బండి నడపకుండా, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి గానీ దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి గానీ వెంటనే వెళ్లండి. చెవిలోని శబ్దం గుండె చప్పుడుతో పాటే లయగా కొట్టుకుంటున్నట్టు అనిపించినా, చెవి నుంచి చీము కారినా ఆ సంగతి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వాటికి చేయాల్సిన పరీక్షలు వేరు.