సాక్‌లు లేవని మురిసిపోకే

ఒసే బుజ్జీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది, నువ్వు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో మ్యాచ్ ఫిల్మ్ చూసి లైన్‌మెన్‌కి, అదే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచే ముందువరస వాళ్ళకి, మార్కులేసే పని ఒప్పుకున్నావట, చదువేమైపోతుందో అని దానికి భయం. నాకు సగం భయం సగం గర్వం, ఫోన్ పెట్టేశాక మీ అత్తకి రెండుసార్లు చెప్పుకున్నా.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ప్రతి ప్లే రెండు మూడుసార్లు చూడు, గ్రౌండ్ చివర పెట్టే ఎండ్‌జోన్ కెమెరా నుంచి చూడు, ఎవడు ఎవణ్ణి ఆపాలో కోచ్‌ని అడక్కుండా తప్పు ఎవరి మీదా రాయకు.

ఇక అసలు సంగతి. మీ బావ టెక్సస్‌లో హైస్కూల్ టీమ్‌లో ఉన్నప్పుడు (ఉన్నాడంటే బెంచీ మీదేలే) శుక్రవారం రాత్రుళ్ళు వీడియో తీసే నాన్నల్లో నేనొకణ్ణి. సాఫ్ట్‌వేర్ బుద్ధి ఊరుకోదుగా, ఎక్సెల్ షీట్ ఒకటి చేశా. లెఫ్ట్ టాకిల్ పిల్లాడు (లైన్‌లో ఎడమ చివర కాసేవాడు) మా ఇంటికొస్తే పులిహోర గిన్నె ఖాళీ చేసేవాడు, సీజన్ అంతా వాడి వైపు నుంచి ఒక్క సాక్ (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) లేదు, షీట్‌లో అన్నీ పచ్చ గళ్ళే. కోచ్‌కి చూపించా, ఆయన నమ్మి వాడి పక్కన సాయంగా ఉండే టైట్ ఎండ్‌ని తీసి పాస్ పట్టడానికి పంపేశాడు. నేను చూడనిదేంటంటే మా క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి నిలిచేదే కాదు, స్నాప్ అయ్యి, అంటే బంతి చేతికొచ్చి, ఒకటీ రెండూ అనేలోపే స్లాంటో స్క్రీనో ఏదో ఒక చిన్న పాస్‌గా వెళ్ళిపోయేది. ఇంక టాకిల్ కాసిందేముంది? ప్లేఆఫ్స్‌లో అవతలి కార్నర్లు, అంటే పాస్ పట్టే రిసీవర్లకి కాపలా కాసేవాళ్ళు, మా రిసీవర్ల మీదకొచ్చి నిలబడ్డారు, చిన్న పాసులు మూసుకుపోయాయి. థర్డ్ అండ్ 14, అంటే మూడో ప్రయత్నం, ఇంకా 14 గజాలు పోవాలి. మా క్వార్టర్‌బ్యాక్ పెళ్ళికొడుకులా వెనక్కి ఏడడుగులు వేసి ఆగాడు, ఎడమ నుంచి వచ్చినవాణ్ణి చూళ్ళేదు. నేను కెమెరాలోంచి చూస్తూనే ఉన్నా. కాలర్‌బోన్ విరిగింది, వాళ్ళమ్మ కంచె దాటుకుని గ్రౌండ్‌లోకి పరిగెత్తింది. టాకిల్ పిల్లాడు ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. తప్పు వాడిది కాదే, నా పచ్చ గళ్ళది.

తర్వాత స్టాప్‌వాచ్ పట్టుకుని అన్నీ మళ్ళీ చూశా. బంతి రెండున్నర సెకన్లు దాటి నిలిచిన ప్లేలు చాలా తక్కువ, వాటిల్లో దాదాపు సగం మా టాకిల్ ఓడిపోయాడు, క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తో బయటికి విసిరేసో గట్టెక్కించాడు. అందుకే స్క్రీన్లు, చటుక్కున వదిలే పాసులు వేరే గళ్ళలో పెట్టు. ఆ ప్లేల్లో రష్ చేసేవాడు (క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చేవాడు) కూడా మధ్యలో ఆగి బంతిని కొట్టడానికి చేతులెత్తేస్తాడు, అది టాకిల్ గెలిచినట్టు కాదు. టాకిల్ వాడి చేతులు కిందకి దించేలా పని పెడితే మాత్రం ఆ మేరకు మార్కు వెయ్యి. 2020లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రొఫెషనల్ లీగ్‌లో స్టీలర్స్ టీమ్ సీజన్ మొత్తానికి 14 సాక్‌లే ఇచ్చారు, లీగ్‌లో అందరికంటే తక్కువ, మరి అదే లైన్‌తో రన్ (బంతి పట్టుకుని పరిగెత్తడం) ఆడితే మ్యాచ్‌కి సగటున 84 గజాలు, 32 టీముల్లో అట్టడుగు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ రాత్లిస్‌బర్గర్ బంతి అంత తొందరగా వదిలేసేవాడు మరి. ఇంకోటి, బంతి పట్టుకుని దిక్కులు చూసే క్వార్టర్‌బ్యాక్ ఉంటే మంచి లైన్ కూడా చెడ్డదైపోతుంది, అక్కడా గడియారమే చూడు.

నువ్వు గ్రౌండ్ అంచున నిలబడకు, పైన బాక్స్‌లో కూర్చో, స్వెటర్ వేసుకో. మొదటి షీట్ కోచ్‌కి ఇచ్చేముందు నాకు పంపు, ఎంత రాత్రైనా చూస్తా.

మీ మావయ్య