ప్రశ్న–జవాబు: మత్తు వాడేవారిపై పరిశోధన

ప్రశ్న: సోషల్ వర్క్‌లో పీజీ పూర్తిచేశాను. మత్తు పదార్థాల వాడకం, దాని హానిని తగ్గించే పద్ధతులపై పీహెచ్‌డీ చేయాలనుంది. చికిత్సా కేంద్రంలో వందమందికి ప్రశ్నావళి ఇస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: సరిపోదు. అక్కడికి వచ్చేవారు మానాలనుకున్నవారో, ఇంట్లోవాళ్లు బలవంతాన తెచ్చినవారో అయ్యుంటారు. హాని తగ్గింపు ముఖ్యంగా ఇంకా వాడుతూనే ఉన్నవారి కోసం. వాళ్ల జాబితా ఎక్కడా దొరకదు.

అందుకే ముందు కూపన్ల శాంపిలింగ్ (రెస్పాండెంట్-డ్రివెన్ శాంపిలింగ్) నేర్చుకోండి. 1997లో అమెరికన్ సోషియాలజిస్ట్ డగ్లస్ హెకథార్న్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. వేర్వేరు బృందాల్లోని కొందరితో మొదలుపెట్టి, ఒక్కొక్కరికి సాధారణంగా 3 కూపన్లు ఇస్తారు. వాటితో వాళ్లు తమ పరిచయస్థుల్ని పంపిస్తారు. ఇంటర్వ్యూకి కొంత, మనిషిని పంపినందుకు కొంత ముట్టజెబుతారు. డబ్బుంది కదా, ఒకే మనిషి రెండోసారీ వస్తాడు. పేరు అడగకుండానే మణికట్టు చుట్టుకొలత, ముంజేయి పొడవు రాసుకుని పోల్చి చూడొచ్చు. అంతకంటే పెద్ద చిక్కు, "వాడేవాళ్లు మీకు ఎంతమంది తెలుసు?" అన్న ప్రశ్న. చాలామంది "ఓ యాభై" అనేస్తారు. విశ్లేషణలో ఆ మనిషి జవాబులకు ఇచ్చే వెయిట్ (లెక్కలో ప్రాధాన్యం) ఆ అంకె మీదే ఆధారపడుతుంది: పరిచయాలు ఎక్కువైతే వెయిట్ తక్కువ. కాబట్టి మెట్లుమెట్లుగా అడగండి. పేరు తెలిసినవాళ్లు ఎందరు, వాళ్లలో మీ పేరు తెలిసినవాళ్లు ఎందరు, వాళ్లలో గత 30 రోజుల్లో కలిసినవాళ్లు ఎందరు. చివరి అంకె తీసుకోండి.

ఏం కొలవాలన్న దగ్గరా చాలామంది బోల్తాపడతారు. మత్తుమందు ఎక్కించుకునేవారికి కొత్త సూదులిచ్చే కేంద్రం ఫలితాన్ని మూత్రపరీక్షతో తేల్చబోతే, వాడారనే వస్తుంది. ఇంకొకరి సూది వాడారా లేదా అన్నది అందులో కనబడదు, మనకు కావాల్సిందేమో అదే! సూదొక్కటే కాదు, మత్తుమందు కరిగించే చెంచా, వడకట్టే దూది, నీళ్లు కూడా పంచుకుంటారు. హెపటైటిస్‌-సి వాటితోనూ సోకవచ్చు. ప్రశ్నావళిలో ఒక్కోదానికి ఒక్కో గడి పెట్టండి. "నెలకు ఎన్నిసార్లు?" అంటే ఏదో ఉజ్జాయింపు చెబుతారు. క్యాలెండర్ ముందుపెట్టి, జీతం రోజు, పుట్టినరోజు లాంటివి గుర్తించి, రోజువారీగా వెనక్కి నింపించే టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ మేలు.

మత్తులో పెట్టిన సంతకాన్ని అంగీకారమనుకోకండి. పరిశోధన దేనికో తన మాటల్లో తిరిగి చెప్పమనండి, చెప్పలేకపోతే ఇంకోరోజు రమ్మనండి. అమ్మేవాళ్ల పేర్లు చెప్పొద్దని రికార్డర్ ఆన్ చేయకముందే హెచ్చరించండి.

స్టాటిస్టిక్స్ ఎలాగూ తప్పదు. పీహెచ్‌డీలో చేరేముందు ఆరు నెలలు సూదులిచ్చే ఇలాంటి కేంద్రంలో పనిచేస్తే, పై ప్రశ్నలు ఎలా అడగాలో అక్కడే పట్టుబడుతుంది. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆ గైడ్ పాత విద్యార్థుల్ని ఒకటి అడగండి: ఎథిక్స్ కమిటీ అనుమతికి ఎన్ని నెలలు పట్టింది, ఆ రోజుల్లో గైడ్ ఏం చేశారు?