వోగ్లిబోస్ వాడుతున్నా తిన్న తర్వాత షుగర్ ఎందుకు పెరుగుతోంది?

ముందు చూడాల్సింది మాత్ర వేసుకునే సమయం. అన్నం, ఇడ్లీల్లోని పిండిపదార్థాన్ని చిన్నపేగులో గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైములను వోగ్లిబోస్ అడ్డుకుంటుంది. అందుకే డాక్టర్ రాసిన 0.2 లేదా 0.3 మి.గ్రా. మాత్రను కంచం ముందు కూర్చున్నాక, మొదటి ముద్దకు ముందే వేసుకోవాలి. తిన్న గంటకు వేసుకుంటే దాదాపు వృథా. మొదట్లో గ్యాస్, కడుపుబ్బరం మామూలే.

చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. దీంతోపాటు గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ షుగర్ 70 కన్నా తగ్గితే పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు. వాటిని విడగొట్టే ఎంజైమునూ ఈ మాత్ర ఆపేస్తుంది. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోండి. ఆ పొడి డబ్బా ఇంట్లో తప్పకుండా ఉండాలి.