మూడేండ్ల లైసెన్సుకు ఐదేండ్ల అప్పు ఎందుకు సార్?

నల్గొండ నుంచి ఒక సార్ రాసిన ప్రశ్న ఇది, పేరు వద్దన్నరు. ప్రైవేట్ స్కూల్లో మ్యాథ్స్ చెప్తరు, వయసు 34, తొమ్మిదేండ్ల అనుభవం, బీఎస్సీ బీఈడీ, టెట్ క్వాలిఫై అయిన్రు, 2024 డీఎస్సీలో కొద్దిలో పోయింది. జీతం 26 వేలు, ఆయన భార్య ఇంట్లనే బట్టలు కుడ్తది, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న హాలియా దగ్గర ఊర్లో ఉంటరు, సాగర్ ఎడమ కాల్వ కింద నాన్న పేరు మీద ఎకరన్నర పొలం. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో టీచర్ల కొరత చాలా ఉంది, జె వన్ వీసా (కొన్నేండ్లకు మాత్రమే ఇచ్చే ఎక్స్‌చేంజ్ వీసా) మీద పంపిస్తం, అక్కడి రాష్ట్రం ప్రొవిజనల్ లైసెన్స్ ఇస్తది, ఏడాదికి 45 వేల డాలర్లు, ప్యాకేజీ 11 లక్షలు అన్నరట. దానికి ఆరు లక్షలు ఫైనాన్స్ కంపెనీలో పర్సనల్ లోన్, 18 శాతం, ఐదేండ్లు. మిగతా ఐదు లక్షలు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల మిత్తికి, పొలం పాస్‌బుక్ పెట్టి. "అన్నా, పోయినంక ఈ రెండిట్ల ముందు ఏది తీర్చాలె, లేకుంటే పొలం అమ్మి ఒకేసారి కట్టేస్తే మంచిదా" అని అడుగుతున్నరు.

సార్, ముందు ఏది తీర్చాలె అన్నదానికి జవాబు ఒక్క లైన్‌లో అయిపోతది, మిత్తి ఎక్కువున్నది ముందు, అంటే రెండు రూపాయలది. కానీ మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఇట్లాంటి మెసేజ్‌లు మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి, పాలమూరు నుంచి వస్తనే ఉన్నయి, మొన్నటిదాకా నర్సులవి, ఇప్పుడు టీచర్లవి, అందరిదీ ఒకటే తప్పు. టెంపరరీగా వచ్చే పైసలను చూసి పర్మనెంట్ అప్పు చేస్తున్నరు. అందుకే మీది పట్టుకొని జర వివరంగా రాస్తున్న.

ప్రొవిజనల్ లైసెన్స్ అంటే ఏందో కన్సల్టెన్సీ వాళ్లు మీకు సగమే చెప్పిన్రు. కొరత ఉంది కాబట్టి పూర్తి అర్హతలు లేకున్నా కొంత కాలానికి పాఠం చెప్పనిస్తరు, ఆ గడువు లోపల మిగిలిన పరీక్షలు, కోర్సులు పూర్తి చేస్కోవాలె, అది మీ ఖర్చు, మీ టైమ్. అమెరికా మొత్తానికి ఒకటే రూల్ లేదు, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. వర్జీనియాలో ప్రొవిజనల్ లైసెన్స్ మూడేండ్లు, మళ్ల రెన్యువల్ లేదు. కాలిఫోర్నియాలో కొరత కోసమని ఇచ్చే షార్ట్ టర్మ్ స్టాఫ్ పర్మిట్ ఏడాదికి మించి ఉండదు, అది కూడా స్కూల్ డిస్ట్రిక్ట్ (అక్కడి బడులను నడిపే లోకల్ సంస్థ) అడిగితేనే ఇస్తరు, ఆ డిస్ట్రిక్ట్‌లోనే పనికొస్తది, పక్క డిస్ట్రిక్ట్‌కు పోతే చెల్లదు. మీరు ఇంత పెద్ద మెసేజ్ రాసిన్రు గానీ రాష్ట్రం పేరు రాయలేదు. అడిగితే "అది ఇంటర్వ్యూ అయినంక చెప్తరంట" అన్నరు. రాష్ట్రం తెల్వకుండ లైసెన్స్ గడువు తెల్వదు, గడువు తెల్వకుండ ఐదేండ్ల ఈఎంఐకి సంతకం ఎట్ల పెడ్తరు సార్? వీసా సంగతి కూడా అంతే, జె వన్ టీచర్‌కు మూడేండ్లు, స్కూలూ స్పాన్సరూ (జె వన్ ప్రోగ్రాం నడిపేటందుకు అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థ) అడిగి పర్మిషన్ వస్తే ఇంకో రెండేండ్ల దాకా పొడిగింపు. ఆ తర్వాత హెచ్ వన్‌కు మార్చిస్తం అన్న మాట కాగితం మీద లేకుంటే మీ లెక్కలోకి తీస్కోవద్దు.

కొరత ఉన్నప్పుడు పెట్టే రూల్ కొరత తీరినంక ఉండదు, ఇది మనకు కొత్త కాదు. మన దగ్గర విద్యా వాలంటీర్లను ఏం చేసిన్రో మీకు నాకన్నా బాగ తెలుసు. పోస్టులు ఖాళీ ఉన్నయని ఏడాదికేడాది తీస్కున్నరు, 2020లో కరోనాతో బడులు మూతబడ్డయి, మళ్ల తెరిచినంక వాళ్లను పిలవలేదు. ఆ జీతం మీద బండి కొన్నోళ్లు, చిట్టీ ఎత్తినోళ్లు, వాళ్ల ఈఎంఐలు మాత్రం ఆగలేదు.

ఇగ మీ లెక్క చూద్దాం. ఆరు లక్షలు, 18 శాతం, 60 నెలలు, ఈఎంఐ సుమారు 15,240. రెండు రూపాయల మిత్తి ఐదు లక్షల మీద నెలకు 10 వేలు, అందులో అసలు ఒక్క రూపాయి తగ్గదు. రెండూ కలిపితే 25,240, మీ జీతం 26 వేలు. అంటే అప్పు తీస్కున్న నెల నుంచి విమానం ఎక్కే నెల దాకా ఇల్లు దేనితోని నడుస్తది, ఆమె కుట్టే జాకెట్ల మీదనా? మూడేండ్లు ఒక్క ఈఎంఐ కూడా తప్పకుండ కట్టినా 36వ నెల అయ్యేసరికి లోన్ ఇంకా 3 లక్షల 5 వేలు మిగిలి ఉంటది, అవతలి ఆయనకు 3 లక్షల 60 వేలు మిత్తే కట్టి ఉంటరు, ఐదు లక్షల అసలు అట్లనే. అన్నీ మంచిగ జరిగి, జీతం టైముకొచ్చి, మీరు పొదుపుగా ఉంటే అంతకన్నా ముందే తీరుతది, కాదనను. కానీ అన్నీ మంచిగ జరిగితేనే నిలబడే లెక్క మీద అమ్మానాన్నల పొలం పెడ్తరా?

జరగకపోవడం ఎట్లుంటదో చెప్త. 2025 మే 27న అమెరికా వాళ్లు జె వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ప్రపంచమంతా ఆపేసిన్రు, జూన్ 18న మళ్ల మొదలుపెట్టిన్రు. మూడు వారాలే కదా అనిపిస్తది, కానీ అక్కడ చాలా బడులు ఆగస్టులో తెరుస్తరు, ఆ మూడు వారాలతో స్లాట్ సెప్టెంబర్‌కు పోతే మీ సీట్లో ఇంకొకరిని కూర్చోబెడ్తరు, మిమ్మల్ని వచ్చే ఏడాది చూద్దాం అంటరు, మీకు మాత్రం నెలకు 25 వేలు నడుస్తనే ఉంటది. పోయినంక కూడా మొదటి జీతం పడేదాకా రూము అడ్వాన్స్, బస్సులు లేని ఊరైతే కారు, అన్నీ మీ జేబులకెళ్లే.

అందుకే నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మాటనే మీకూ చెప్తున్న, విసుగొచ్చినా సరే. ఎమర్జెన్సీ ఫండ్ లేకుండ ఈ పని మొదలుపెట్టొద్దు. మీ ఇంటి ఖర్చు నెలకు 18 వేలు అన్నరు, ఆరు నెలలకు 1,08,000, దాని మీద అక్కడి నుంచి తిరిగొచ్చే టికెట్, మొదటి నెల రూము ఖర్చు కలుపుకుంటే మూడు లక్షలు. ఇది అప్పు తెచ్చిన పైసలు కావద్దు, కన్సల్టెన్సీ ప్యాకేజీలో కలిపేది అసలే కాదు, సపరేటు అకౌంట్‌లో ఆమె పేరు మీద ఉండాలె, ఏటీఎం కార్డు ఆమె దగ్గరనే ఉండాలె. మీరు అక్కడ ఉండంగ నాన్నకు రాత్రి పది గంటలకు ఛాతీల నొప్పి వస్తే నల్గొండ నుంచి హైదరాబాద్‌కు అంబులెన్స్, హాస్పిటల్ కౌంటర్ దగ్గర అడ్వాన్స్, అప్పుడు మీరు డాలర్లు పంపేదాకా ఎవరు ఆగుతరు? మళ్ల ఆ రెండు రూపాయల ఆయన దగ్గరికే పోతరు, ఆయన ఈసారి మూడు రూపాయలంటడు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది 40 వేలు అని రాసిన్రు. మూడు లక్షలు జమ అయ్యేదాకా కన్సల్టెన్సీకి పైసా కట్టొద్దు. ట్యూషన్లు చెప్పినా, ఏడాదిన్నర పట్టినా సరే, మీ వయసు 34, ఏం మించిపోలేదు.

టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మీకేమన్న అయితే ఇంటోళ్లకు పైసలొచ్చే పాలసీ, మీకు లేదు, ఇది ఈ నెలలోనే తీస్కోండి, అమెరికా పోతరా లేదా అన్నదానికి సంబంధం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీస్కునే లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు, ఇంకా దేనికోసం ఆగుతున్నరు? ఫారంలో విదేశం పోయే ఆలోచన ఉందని ఉన్నదున్నట్టు రాయండి, దాస్తే రేపు క్లెయిమ్ టైముకు ఆమెనే తిరగాల్సొస్తది. జె వన్ వాళ్లకు అక్కడ హెల్త్ ఇన్సూరెన్స్ కంపల్సరీ, ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవర్ ఉండాలె, కానీ అది మీ వైద్యానికే, ఇక్కడి అప్పుకు గానీ పిల్లల చదువుకు గానీ కాదు. ఇక్కడోళ్లకు రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది, మంచిదే, అయినా ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే హెల్త్ పాలసీ, అదే ఫ్యామిలీ ఫ్లోటర్, వేరే ఉండాలె.

11 లక్షల మాట కూడా అడగాల్సిందే. జె వన్ సెవిస్ ఫీజు (అమెరికా వాళ్ల రికార్డుల్ల పేరు ఎక్కించే ఫీజు) 220 డాలర్లు, వీసా ఫీజు 185, రెండూ కలిపి 40 వేల రూపాయలు దాటవు. స్పాన్సర్ ఫీజు, సర్టిఫికెట్ల ఇవాల్యుయేషన్, టికెట్ వేరే ఉంటయి, అవి నిజమైన ఖర్చులే, కానీ దేనికెంతో విడివిడిగా కాగితం మీద రాసియ్యమని అడగండి. ఎమిగ్రేషన్ యాక్ట్ కింద రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ మన దగ్గర తీస్కోగలిగే సర్వీస్ చార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. మీ కన్సల్టెన్సీ పేరు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో ఉందా చూడండి, జె వన్ స్పాన్సర్ పేరు అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ లిస్ట్‌లో ఉందా చూడండి, ఈ రెండూ ఇంట్ల కూసొని ఫోన్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు. విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అక్కడ కూడా ఒకసారి అడగండి.

ఇంకో ముఖ్యమైనది, "పేపర్ వర్క్ కోసం మార్చిలో రిజైన్ చెయ్యమన్నరు" అని రాసిన్రు కదా, అస్సలు చెయ్యొద్దు. జె వన్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఇక్కడ టీచర్‌గా పనిచేస్తూ ఉండాలన్నదే మామూలు షరతు, మానేసినోళ్లకు దారి చాలా ఇరుకు. జీతం పోతది, అర్హతకే ఎసరొస్తది. ఆ మాట చెప్పినోళ్లకు రూల్ అన్నా తెల్వదు, మీ మీద పట్టింపన్నా లేదు.

బంగారం పెడ్తే ఎట్లుంటది అని కూడా అడిగిన్రు. బ్యాంకుల అయితే రెండు రూపాయల మిత్తి కన్నా చాలా నయం, ఎమర్జెన్సీ ఫండ్ నిండినంక అవసరమైనంత వరకే. చిట్టీ ఎత్తడం వద్దు. పొలం అమ్మడం గురించి నన్ను మళ్ల అడగొద్దు, అది నాన్నది, ఆయన బతుకుదెరువు.

పాస్‌బుక్ ఇంకా ఇయ్యకపోతే ఇయ్యొద్దు. ప్రామిసరీ నోటు మీద ముందే సంతకం పెట్టి ఉంటే అంకె, తేదీ, మిత్తి రేటు మూడూ రాసి ఉన్నయా చూస్కోండి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉండి పైన ఖాళీ ఉంటే ఆ కాగితం వాపస్ తెచ్చుకోండి, సెక్యూరిటీకని ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే అవి కూడా, బౌన్స్ అయితే సెక్షన్ 138 కేసు మీ మీదనే పడ్తది. మీరు తొమ్మిదేండ్లుగ పిల్లలకు లెక్కలు చెప్తున్నరు, అమెరికా బడికి మీలాంటి సార్ పోవాలనే నేను కూడా కోరుకుంట. సర్టిఫికెట్ల ఇవాల్యుయేషన్ ఒక్కటి ఇప్పుడే చేయించండి, మీ మూడేండ్ల డిగ్రీ, బీఈడీ కలిపి అక్కడి బ్యాచిలర్స్‌కు సమానం అని వస్తదా రాదా అన్నది చిన్న ఖర్చుతో తేలిపోతది. అది చేతికొచ్చినంక, కన్సల్టెన్సీ దగ్గర రాష్ట్రం పేరు, లైసెన్స్ పేరు, దాని గడువు, స్పాన్సర్ పేరు రాతపూర్వకంగా తీస్కొని నాకు పంపండి, అంకెలు మళ్ల వేద్దాం.