స్టీరింగ్ పట్టుకోగానే మా ఆయన వేరే మనిషైపోతున్నారు

ప్రశ్న: మాది నాగోలు. నాకు 34, మా వారికి 39, ఒక్కడే బాబు, మూడో తరగతి. ఆయన రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో చాలా మంచి మనిషండి, ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అన్నది లేదు. కానీ కారెక్కితే చాలు, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యరు, ఎవరు కట్ కొట్టినా అద్దం దించి నానా మాటలు తిడతారు, వెంటపడతారు. ఏడాదిగా మరీ ఎక్కువైంది, అదే టైంలో ఆఫీసులో ప్రాజెక్టు కూడా మారింది లెండి. పోయిన ఆదివారం హబ్సిగూడ దగ్గర ఒక ఆటో మా కారు మిర్రర్‌కి తగిలింది, గీత కూడా పడలేదు. ఈయన తార్నాక దాకా వెంటపడి ఆటోకి అడ్డంగా కారు పెట్టి, దిగి వెళ్ళి కాలర్ పట్టుకున్నారు. ఆ ఆటో ఆయనకి మా నాన్న వయసుంటుంది. వెనక సీట్లోంచి మా వాడు "కొట్టు నాన్నా, కొట్టు" అని అరిచాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మెల్లగా వెళ్ళండి అంటే "నువ్వు నాకు డ్రైవింగ్ నేర్పకు" అంటారు. అత్తయ్యేమో మగాడన్నాక ఆ మాత్రం కోపం ఉంటుంది, నువ్వే సర్దుకోవాలంటారు. నాకు లైసెన్స్ ఉంది గానీ ఆరేళ్ళుగా బండి ముట్టుకోలేదు. ఆయన్ని మార్చడం ఎలా? ఆయనతో కారెక్కడం మానేస్తే తప్పా?

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ కాలర్ దగ్గర కాదు, "కొట్టు నాన్నా" దగ్గరే ఆగిపోయాను. ముందు ఒకటి చెప్పాలి, మీది పిరికితనం కాదు. మీ భయం కరెక్టుగానే పనిచేస్తోంది, దాన్ని ఎవరి కోసమూ సర్దుకోనక్కర్లేదు.

అలాగని రోడ్డు మీద మీ వారికొచ్చే చిరాకంతా తప్పని కూడా నేను అనను, ఎందుకంటే నేనూ ఇదే ఊళ్ళో పదిహేనేళ్ళుగా బండి నడుపుతున్నా, ట్రాఫిక్ రోజురోజుకీ ఎలా తయారవుతోందో నాకూ కనిపిస్తోంది. అర కిలోమీటరు ముందుకెళ్ళి యూటర్న్ తీసుకోవడం బద్ధకమై రాంగ్ రూట్లో ఎదురొచ్చేస్తారు, పైగా మనమే తప్పుకోవాలన్నట్టు లైట్లు కొడతారు. ఫుట్‌పాత్ మీద బైకులు, రోడ్డు మధ్యలో ఆగే బస్సులు, ఎదుటివాడి కళ్ళు పోయేలా హై బీములు, హ్యాండిల్ మీద ఫోన్ చూసుకుంటూ టైంకి చేరాలని ప్రాణాలకి తెగించి పరిగెత్తే డెలివరీ పిల్లలు, ఇక వాటర్ ట్యాంకర్ల సంగతి చెప్పక్కర్లేదు. ఎనిమిది వేసి చూపిస్తే లైసెన్స్ చేతికొస్తుంది గానీ లేన్ అంటే ఏంటో, ఎవరికి ఎప్పుడు దారివ్వాలో నేర్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి. కాబట్టి మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు దయచేసి "అందరూ బాగానే నడుపుతున్నారు, మీకే కోపం" అని మొదలుపెట్టకండి. అది నిజం కాదు, ఆయన ఇంకో మాట వినరు.

కానీ రోడ్డు ఇలా ఉందన్నదే నిదానంగా ఉండడానికి అసలు కారణం, ఇది ఆయనకి తట్టట్లేదు. కేంద్ర ప్రభుత్వం లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో నూటికి 70 మందికి పైగా ఓవర్ స్పీడ్ వల్ల పోయినవాళ్ళే. చనిపోయినవాళ్ళలో నూటికి 44 మంది టూ వీలర్ మీద ఉన్నవాళ్ళు. కార్లో కూర్చుని కోపం తెచ్చుకునేది మనం, దెబ్బ తగిలేది ఎక్కువగా అవతలివాళ్ళకి.

కారెక్కగానే మనిషి ఎందుకు మారతాడో కొంచెం వివరంగా చెప్తా, ఇది అర్థమైతే సగం దారి దొరుకుతుంది. పెళ్ళి భోజనాల దగ్గర ఎవరో మోచెయ్యి తగిలించి మన ప్లేట్లో చారు ఒలకబోశారనుకోండి, మొహం చూస్తాం, అయ్యో చూసుకోలేదండీ అంటారు, పర్లేదండీ అంటాం, అయిపోయింది. రోడ్డు మీద మొహం ఉండదు. అద్దాలు మూసిన కారు, హెల్మెట్ పెట్టుకున్న తల, ఒక నంబర్ ప్లేటు, అంతే. మొహం లేనివాడి మీద కోపం తెచ్చుకోవడం చాలా తేలిక. ఇంకోటి, మనం కట్ కొడితే మనకి అర్జెంటు పని ఉండి, అదే అవతలివాడు కొడితే వాడికి పొగరుండి, ఇలా అనుకోవడం దాదాపు ప్రతి మనిషికీ ఉన్న అలవాటే. ఆ కట్‌ని ట్రాఫిక్ తప్పుగా కాకుండా తనకి జరిగిన అవమానంగా తీసుకున్న క్షణాన మీ వారికి రోడ్డు పోయి పరువు మిగులుతోంది. అందుకే గీత కూడా పడని మిర్రర్ కోసం తార్నాక దాకా వెంటపడ్డారు. అప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ లేస్తుంది, ఒకసారి లేచింది రెండు నిమిషాల్లో దిగదు, కాబట్టి హబ్సిగూడలో వచ్చిన కోపం తార్నాకలో అడ్డమొచ్చిన ఇంకెవరి మీదైనా పడొచ్చు.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన దగ్గరికి వస్తా. ఏడాదిగా ఎక్కువైంది, అప్పుడే ప్రాజెక్టు మారింది అన్నారు. ఏం మారింది? మీ ఇద్దరి మధ్యా దాని గురించి మాటలు జరిగాయా? కొత్త మేనేజర్ చిన్నవాడా, నలుగురిలో మాట అన్నాడా, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న భయమా, ఈఎంఐల బరువా, నాకు తెలీదు గానీ మీరు తెలుసుకోవాల్సింది మాత్రం ఇదే. ఇంట్లో పల్లెత్తు మాట అనని, ఆఫీసులో తల వంచుకుని పనిచేసుకునే చాలామంది మగవాళ్ళకి గట్టిగా అరవడానికి దొరికే ఒకే ఒక్క చోటు కారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటారే, అచ్చం అదే. నా దగ్గరికి ఒకాయన వచ్చేవారు, నాలుగో వారానికి గానీ బయటపడలేదు, ప్రమోషన్ రాని రోజు నుంచీ ఆయన రోడ్డు మీద ఎవరికీ సైడ్ ఇవ్వడం మానేశారట. ఆఫీసులో నన్ను తొక్కేశారు, ఇక్కడైనా తొక్కనివ్వనండీ అన్నారు. ఆ మాట తన నోటితో తను అన్నాక ఆయనకే కళ్ళనీళ్ళు వచ్చాయి.

సరే, కారులో ఉన్నప్పుడు ఏం చెయ్యాలో చెప్తా. ఆయన కోపంలో ఉన్న నిమిషంలో మెల్లగా వెళ్ళండి, ఎందుకలా అరుస్తారు అనకండి. మీరు మంచికే అంటున్నారు గానీ ఆయన చెవికి అది ఇంకో కట్ కొట్టినట్టు వినిపిస్తుంది. దాని బదులు మీ గురించి మాత్రమే చెప్పండి, "నాకు భయమేస్తోంది, కాసేపు పక్కకి ఆపండి" అని, అంతే, ఇంకేం కలపొద్దు. ఈ మాట మీరు ఎప్పుడన్నా ఆపాలని ముందే ఇంట్లో కూర్చుని ఒప్పందం చేసుకోండి. మిర్రర్‌లు ఏమైనా కానీ వెంటపడడం లేదు, దిగడం లేదు, ఈ రెండూ ఖాయం చేసుకోండి. నిజంగా డ్యామేజీ జరిగితే నంబరు రాసుకుని ఇన్సూరెన్స్ చూసుకోవచ్చు, కంప్లైంట్ ఇవ్వొచ్చు, ఒక డాష్‌క్యామ్ పెట్టించుకున్నా మంచిదే, సాక్ష్యం ఉందన్న ధీమాతో మనిషి కొంచెం కుదుటపడతాడు. ఎప్పుడైనా అవతలివాడే మీ మీదికి వస్తే మాత్రం అద్దాలు మూసి, లాక్ వేసి, వాడి కళ్ళలోకి చూడకుండా, ఇంటికి కాకుండా మనుషులున్న పెట్రోల్ బంకుకో పోలీస్ స్టేషన్‌కో పోనిచ్చి 112కి ఫోన్ చెయ్యాలి. బాబుని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కిందికి దింపకండి.

అసలు మాటలు ఇంట్లో జరగాలి, అదీ గొడవ జరిగిన రోజు కాదు, మూడు నాలుగు రోజులు ఆగి, బాబు పడుకున్నాక. "మీరు రౌడీలా ప్రవర్తించారు" అని కాదు, "ఆదివారం నాకు మా నాన్న గుర్తొచ్చారు, ఆయన కాలర్ ఎవరో పట్టుకున్నట్టు అనిపించింది" అనండి. మీరు రాసిన దాన్లో ఆయన్ని కదిలించగల మాట ఇదే అని నా నమ్మకం. ఆయన లెక్కల మనిషైతే లెక్క కూడా చెప్పండి. ఆఫీసుకి ఓ 28 కిలోమీటర్లనుకుందాం, ట్రాఫిక్‌లో సగటున 25 స్పీడు వస్తే గంటా 7 నిమిషాలు, అందరినీ కట్ కొట్టి హారన్ మోగించి సగటు 27కి లాగారే అనుకోండి, గంటా 2 నిమిషాలు. ఇంత ఆవేశమూ ఐదు నిమిషాల కోసం. అదే 60లో వెళ్తూ పక్కవాణ్ణి తిట్టడానికి తల తిప్పితే సెకనుకి దాదాపు 17 మీటర్లు, సెకనున్నర ఆలస్యంగా బ్రేక్ మీద కాలు పడితే రెండు ఆర్టీసీ బస్సుల పొడవు ముందుకెళ్ళిపోతాం, ఆ దూరంలో ఎవరుంటారో ఎవరికి తెలుసు.

కేసుల సంగతి కూడా ఆయనకి తెలియాలి. క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు గుర్తుందా, 1988 డిసెంబరులో పటియాలాలో పార్కింగ్ దగ్గర మాటా మాటా పెరిగి చెయ్యి చేసుకుంటే 65 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు, ఆ కేసు కోర్టుల్లో నలిగి నలిగి 2022 మేలో సుప్రీంకోర్టు ఏడాది జైలు శిక్ష వేసింది. ముప్పై మూడేళ్ళ తర్వాత. ఆ పెద్దాయన్ని చంపాలని ఎవరూ అనుకుని దిగలేదు. మీ వారు కాలర్ పట్టుకున్న ఆయనకి గుండె జబ్బు ఉందో లేదో మీ వారికి తెలుసా? ఈ ప్రశ్న అడగండి, జవాబు కోసం ఒత్తిడి చెయ్యకండి, దానంతటదే పనిచేస్తుంది. ప్రమాదకరంగా నడిపితే మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 184 కింద మొదటిసారే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ 5,000 దాకా జరిమానా గానీ, లేదా రెండూ పడొచ్చు, ఇక బండి అడ్డం పెట్టి మనిషిని ఆపడం, చెయ్యి చేసుకోవడం వేరే నేరాలు.

మీ ఇల్లు నాగోలు, ఆఫీసు రాయదుర్గం అన్నారు కదా, మెట్రో బ్లూ లైన్ రెండు కొసలూ అవే. మొదటి స్టేషన్‌లో ఎక్కుతారు కాబట్టి సీటు దొరికే అవకాశం ఎక్కువ. వారంలో రెండు రోజులు మెట్రోలో వెళ్ళమనండి, పూర్తిగా కారు మానేయమని అడిగితే ఒప్పుకోరు. ఒక నెల చూసి, మెట్రోలో వచ్చిన సాయంత్రం ఇంటికొచ్చిన మనిషికీ కారులో వచ్చిన మనిషికీ తేడా ఉందేమో మీరిద్దరూ గమనించండి. కారు తీసిన రోజు మాత్రం పదిహేను నిమిషాలు ముందు బయల్దేరాలి, చాలాసార్లు కోపం లేటవుతుందన్న కంగారులోంచే పుడుతుంది.

బాబు సంగతి ఆలస్యం చెయ్యకండి. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, పెద్దవాళ్ళు ఒక బొమ్మని కొట్టడం, తిట్టడం చూసిన పిల్లలు తర్వాత అదే బొమ్మని అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. ఎవరూ నేర్పలేదు, చూశారంతే. మీ వాడు కూడా ఆ ఆదివారం ఒక పాఠం చూశాడు, ఇంకో పదేళ్ళలో బైక్ కావాలంటాడు. దాన్ని సరిదిద్దగలిగేది మీరు కాదు, వాళ్ళ నాన్నే. "ఆ రోజు నేను తప్పు చేశాను నాన్నా, ఆ తాతగారిని అలా పట్టుకోకూడదు" అని ఆయన నోటితో ఆయనే చెప్పాలి. తండ్రి తప్పు ఒప్పుకుంటే పిల్లాడి దగ్గర చులకనైపోతాడని మనవాళ్ళకి ఒక భయం ఉంది, నేను ఇన్నేళ్ళలో చూసింది దానికి పూర్తిగా రివర్స్.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ కాలంలో మగాడి కోపాన్ని సర్దుకోవడం తప్ప వేరే దారి చూపించినవాళ్ళు లేరు పాపం. ఒక్కసారి మాత్రం ఆవిణ్ణి కారు ముందు సీట్లో కూర్చోబెట్టండి, వచ్చాక మీరేం చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ చేసినా నెలా రెండు నెలల్లో తేడా లేకపోతే, లేదా నిద్ర పట్టకపోవడం, మందు ఎక్కువవడం, కోపం ఇంట్లోకి కూడా రావడం కనిపిస్తే ఇక ఆగొద్దు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడితే ముందు ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యమనండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఒకసారి బీపీ కూడా చూపించండి. ఆయన చెయ్యనంటే మీరే చెయ్యండి, మీకూ ఆ నంబరు పనికొస్తుంది.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఆయన మాటిచ్చి నిలబెట్టుకునేదాకా బాబుని తీసుకుని ఆ కారెక్కకపోవడం తప్పు కాదు, ఎక్కకండి. అలగడం లాగా కాకుండా, మా ప్రాణాలు ముఖ్యం, మీ కోపం తగ్గాక వస్తాం అని మామూలు గొంతుతో చెప్పండి, క్యాబ్‌లోనో మెట్రోలోనో వెళ్ళండి. ఇంకో మాట, ఆరేళ్ళుగా బీరువాలో పెట్టిన ఆ లైసెన్స్ బయటికి తియ్యండి. గడువు ఉందో లేదో చూసుకోండి, ఓ పది రోజులు డ్రైవింగ్ స్కూల్లో రిఫ్రెషర్ క్లాసులు తీసుకోండి, ఆయన్ని మాత్రం నేర్పమని అడగకండి. ఆదివారం పొద్దున ఆరింటికి నాగోల్ నుంచి ఉప్పల్ దాకా రోడ్డు కొంచెం ఖాళీగా ఉంటుంది, అక్కడ మొదలుపెట్టండి. చెయ్యి కుదిరాక ఫ్యామిలీ అంతా వెళ్ళే రోజుల్లో స్టీరింగ్ మీరు పట్టుకుని, ఆయన్ని పక్క సీట్లో కూర్చోమనండి.